రాగి దిమ్మకు పెట్టిన బొట్టు

మా అత్త రిటైరయిన సంగతి బడివాళ్ళకు తెలుసు, పెన్షన్ ఆఫీసుకు తెలుసు. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసిన మనిషి. కుళాయి దగ్గర ఎవరైనా బిందె తోసి ముందుకొస్తే ఇప్పటికీ ఒక చూపు చూస్తుంది. ఆ బిందె దానంతటదే వెనక్కి వెళ్ళిపోతుంది. నేను కోడలిగా వెళ్ళిన కొత్తలో ఆమె పిలిచినప్పుడల్లా నాకు తెలియకుండానే లేచి నిలబడేదాన్ని. మా ఆయన ఇప్పటికీ నిలబడతాడు.

మాది కోలారు బంగారు గనుల పక్కనున్న మారికుప్పం. స్టేషనుకు దగ్గర్లో, గనివాళ్ళు ఒకప్పుడు కట్టిన ఇళ్ళ వరసలో కాపురం. గనులు మూసేసి అప్పటికే చాలా ఏళ్ళయింది. ఊళ్ళో పనుల్లేవు గానీ పొద్దున్నే బెంగళూరు వెళ్ళే రైలుంది, సగం ఊరు దానిమీదే బతికేది. బేతమంగళలో పుట్టి, రైలంటే సెలవులకు ఎక్కేది అనుకుంటూ పెరిగిన నేను కూడా పెళ్ళయ్యాక ఆ రైలుకే అంకితమైపోయాను.

బెంగళూరు పొలిమేరలో ఒక చిన్న ల్యాబులో నా ఉద్యోగం. ఎవరెవరో తయారుచేసిన చిప్‌లు మా దగ్గరికి పరీక్షకు వచ్చేవి. కార్లలోనూ కంప్యూటర్లలోనూ బిగించకముందే వాటిని ఒకసారి చలిలో, ఒకసారి వేడిలో పనిచేయించి చూడాలి. వేడి పరీక్ష గది నాది. నాది అంటే నా చేతికింద ఉండేదని. నేను మాత్రం కాంట్రాక్టు మనిషిని, ఆ కాంట్రాక్టు దసరా నెలాఖరుతో అయిపోతుంది.

దసరా కోసం నాకంటే ఎక్కువగా మా అత్త ఎదురుచూసింది. మా పక్కనే ఉన్న రాబర్ట్‌సన్‌పేటలో ఒక బడిలో సైన్సు టీచరు పోస్టు ఖాళీగా ఉంది. ఆ బడి నడిపేది ఆమె దగ్గర చదువుకున్న పిల్లే. అందులో నన్ను కూర్చోబెట్టాలని ఆమె పట్టు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, నాలుగో కాలు చూపించబోతే దాన్ని కూడా లెక్కలోంచి కొట్టేస్తుంది.

"పొద్దున చీకట్లో పోతావు, చీకటి పడినాక వస్తావు. నీ మొగం ఎట్లుండాదో ఆదివారం చూస్తే గాని నాకు గుర్తుకు రాదు" అనేది.

"నా మొగానికేం అత్తా, అట్లే ఉండాది" అనేదాన్ని.

"దసరాకు పర్మనెంట్ చేస్తారంటివి కదా. చేస్తే పో, నేను అడ్డం రాను. చెయ్యకుంటే బడిలో చేరాల. సరేనా?"

సరే అన్నాను. రోషం అలాంటిది. అన్నాక మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ పనంటే నాకు ప్రాణం. ఇంట్లో ఎవరి వేడీ నా మాట వినదు. మా అత్తది వినదు, నాది అసలే వినదు. ఆ గదిలో మాత్రం ఎనభై అయిదు డిగ్రీలు అని నేను నొక్కితే, ఉడికిపోవాలని చూసే చిప్ కూడా బుద్ధిగా ఎనభై అయిదు దగ్గర నిలబడేది. మనిషికి ఎక్కడో ఒకచోట ఆ మాత్రం చెల్లుబాటు ఉండాలి కదా.

ఒక ఆదివారం మా అత్తే అడిగింది. "అసలు ఆడ నువ్వు చేసేదేమి? నాకు అర్థమయ్యేటట్ల చెప్పు చూద్దాం." వినడానికి అడిగినట్టు లేదు, ఓరల్ పరీక్ష పెట్టినట్టుంది. నేను వేడి పాల గ్లాసు ఒకటి తెచ్చి, నీళ్ళ గిన్నెలో పెట్టాను. పాలు చల్లారాలంటే మనం చేసేది ఇదే. చిప్ పనిచేస్తున్నంత సేపూ దానంతటదే వేడెక్కుతుంది. వేడెక్కితే తప్పులు చేస్తుంది. అప్పుడు చిప్ చెడ్డదో, వేడి ఎక్కువైందో తెలియదు. అందుకని దానిమీద ఒక రాగి దిమ్మను ఆనించి పెడతాం. ఆ దిమ్మ లోపల సన్నటి కాలువలుంటాయి. పక్కనున్న చిల్లరు, అంటే చల్లబరిచే యంత్రం, నుంచి చల్లటి ద్రవం గొట్టాల్లో వచ్చి, ఆ కాలువల్లో తిరిగి, చిప్ వేడిని ఎత్తుకుపోతుంది. ఎంత వేడి పుడితే అంత తీసేయడం, తక్కువైతే కాస్త ఇవ్వడం. అంతే అత్తా అన్నాను.

మా అత్త గ్లాసును గిన్నెలోంచి పైకెత్తి మళ్ళీ దించింది. "నీళ్ళకు గ్లాసు తగలకుంటే?"

"పాలు వేడిగానే ఉంటాయి. ఆ దిమ్మ కూడా చిప్‌కు అతుక్కున్నట్ల ఆనాల. మధ్యలో వెంట్రుకంత సందు ఉండకూడదు."

"ఊ" అంది. పాసయ్యానన్నమాట.

మా మామ వసారాలోంచి గొంతెత్తాడు. "ఇదేం గొప్ప? గనిలో కింద రాయి ముట్టుకుంటే చెయ్యి కాలేది. అట్లాంటి భూమినే చల్లబెట్టినాం మేము. పైనుంచి చల్లగాలి పంపించినాం!"

"మీరు పంపినారా? మీరు హాజరు పట్టీ రాసినారు" అంది మా అత్త.

"హాజరు రాసేవాడు లేకుంటే గాలి పంపే మనిషి వచ్చినాడో లేదో ఎట్ల తెలుస్తాది?"

మా మామ టైం ఆఫీసులో గుమాస్తా. గని లోపలికి దిగిన మనిషి కాదు. కానీ ఆయన కబుర్లు వింటే కోలారు బంగారమంతా ఆయనే గంపలో మోసుకొచ్చాడేమో అనిపిస్తుంది. మంచి మనిషి, చెప్పుకోవడానికి ఆయనకు ఆ కబుర్లే మిగిలాయి.

ఇక ఆయుధ పూజ వచ్చింది. బెంగళూరులో ఏ చిన్న వర్క్‌షాపైనా ఆ రోజు యంత్రాలను కడిగి, బొట్లు పెట్టి, దండలేసి, గుమ్మం ముందు బూడిదగుమ్మడికాయ పగలగొట్టాల్సిందే. మా ల్యాబులోనూ అంతే. ఇళ్ళవాళ్ళను కూడా పిలిచేవారు. నీళ్ళూ కర్పూరమూ గదుల్లోకి తేకూడదు, బొట్టు తలుపుకు, యంత్రం బయటి మూతకు మాత్రమే పెట్టాలి అని మా మేనేజరు పనివాళ్ళందరికీ చెప్పాడు. చుట్టాలకు చెప్పాలని మాత్రం ఆయనకు తట్టలేదు.

మా అత్త వచ్చింది. వెండి కుంకుమ భరిణె, గంధం గిన్నె ఇంటి నుంచే తెచ్చుకుంది. ఆఫీసు కుంకుమ మీద ఆమెకు నమ్మకం లేదు.

మేనేజరు మదనపల్లె వైపు మనిషి. మంచివాడే, కాకపోతే ఆయనకు యంత్రాలు చూపించే పిచ్చి. వినేవాళ్ళు దొరికితే అన్నం మానేస్తాడు. ముందు వరసలో కూర్చునే విద్యార్థిలా మా అత్త తల ఊపేసరికి మురిసిపోయి, స్వయంగా నా గదిలోకి తీసుకెళ్ళాడు. తలకు టోపీ పెట్టించాడు. రాగి దిమ్మను, అది బిగించి ఉన్న మడత కమ్మీతో సహా పైకి లేపి, వెల్లకిలా తిప్పి చూపించాడు.

"చూడండి మేడమ్, అద్దం మాదిరి ఉండాది కదా! ఇదే చిప్ మీద ఆనేది. పనంతా చేసేది ఈ చోటే. మిగిలిందంతా ఉత్త డబ్బా."

అంతలో బయట గుమ్మడికాయ కొట్టడానికి ఆయనను పిలిచారు. పరుగెత్తాడు. గుమ్మంలోంచి ఇదంతా చూసిన నేను అప్పటికే బయటికొచ్చి బొరుగులూ బెల్లమూ పంచుతున్నాను. మా అత్త కాస్త వెనకగా, నింపాదిగా వచ్చింది. ఏదో పని ముగించిన మనిషిలా ఉంది ముఖం. పండగ కళ అనుకున్నాను.

సెలవులయ్యాక మొదటి రోజే పెద్ద పని పడింది. మా ముఖ్యమైన కస్టమర్ చిప్‌లు. ఇవి సరిగా పూర్తిచేస్తే పర్మనెంట్ కాగితం వస్తుందని మేనేజరు నాతో ముందే అన్నాడు. ఎనభై అయిదు నొక్కాను. దిమ్మ దిగి చిప్ మీద ఆనింది. అంకె ఎనభై అయిదు దాకా వచ్చి, ఆగలేదు. తొంభై దాటింది. ఇంకా ఎక్కింది. కాలిపోకుండా చిప్ తనంతట తానే ఆరిపోయింది. ఫెయిల్. ఇంకొకటి పెట్టాను, అదీ అంతే. ఆపైదీ అంతే. మా దగ్గర వచ్చే ఫలితాలు కస్టమర్‌కు అక్కడ హైదరాబాదులో వెంటనే కనిపిస్తాయి. ఫోను మోగడానికి ఎంతోసేపు పట్టలేదు.

మేనేజరు వచ్చాడు. చిల్లరులో ద్రవం చూశాం, నిండుగా ఉంది. పంపు తిరుగుతోంది. గొట్టాల్లో బుడగలు లేవు. ఫిల్టరు కడిగాం. ఆయన యంత్రం అమ్మినవాణ్ణి తిట్టాడు, చిప్ తయారుచేసినవాణ్ణి తిట్టాడు, కరెంటువాళ్ళను కూడా ఒక మాటన్నాడు. చివరికి ఫెయిలయిన చిప్‌ల ట్రే చేతిలోకి తీసుకుని, దీపం కిందికి తెచ్చి, అలాగే ఉండిపోయాడు.

"ఏమ్మా, వీటికి బొట్టెవరు పెట్టినారు?"

చూశాను. ప్రతి చిప్ నెత్తిమీదా కుంకుమ బొట్టు. మొదటిదానికి ముదురుగా, తర్వాతిదానికి కొంచెం లేతగా, పేరంటానికి వచ్చిన ముత్తైదువుల్లా వరసగా కూర్చున్నాయి. దిమ్మను వెల్లకిలా తిప్పాం. అద్దంలాంటి రాగి మీద, నట్టనడుమ, గంధం మీద కుంకుమ. గంధం ఎండి గట్టిపడి చిప్‌కూ దిమ్మకూ మధ్య అడ్డంగా కూర్చుంది. లోపల ద్రవం పరుగెత్తుతూనే ఉంది, పాపం, దానికి వేడి అందితే కదా! పొద్దుటి నుంచీ కొండను తవ్వి ఎలుకను పట్టాం.

ఎవరు పెట్టారో నేను ఎవరినీ అడగక్కర్లేదు. మిగతావాళ్ళు వేలితో పెడతారు, అంచులు చెదురుతాయి. ఇది భరిణె మూత అడుగుతో అద్దినది. కాపీ పుస్తకంలో గీసిన సున్నాలా ఉంది. ప్రతి శుక్రవారం మా గ్యాసు పొయ్యి మీద నాకు దర్శనమిచ్చే బొట్టే అది.

"రేపు పొద్దున కస్టమర్ తరఫున మనిషి వస్తా ఉండారు" అన్నాడు మేనేజరు. "దిమ్మ తుడిచి, సరిచూసి, వాళ్ళ ముందరే మళ్ళీ పరీక్ష చెయ్యాల. తప్పు ఎట్ల జరిగిందో కూడా చెప్పాల. ఎవరు చేసినారో తెలియకుంటే, అమ్మా, ఆ గది నీది. నీ పేరే చెప్పాల్సి వస్తాది. అప్పుడు పర్మనెంట్ మాట నేను ఎత్తలేను."

దిమ్మను వెల్లకిలా తిప్పి ఊరందరికీ చూపించింది ఎవరో నా నోటిదాకా వచ్చింది. నా నోరు సామాన్యంగా ఊరుకునే నోరు కాదు. కానీ ఆ మాట తీస్తే తర్వాతి మాట మా అత్త అవుతుంది. మింగేశాను.

సాయంత్రం రైల్లో కోపాన్ని జాగ్రత్తగా ఇంటిదాకా మోసుకొచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు.

"అత్తా, ఆ రాగి దిమ్మకు బొట్టు పెట్టింది మీరేనా?"

ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తింది. "అవును. నీకు అన్నం పెట్టే యంత్రం. పెట్టకుండా వస్తానా?"

"మూతకు పెట్టాల్సింది కదా!"

"ఆయనే చెప్పె కదమ్మా, పని చేసేది ఆ చోటే, మిగిలింది ఉత్త డబ్బా అని. మన ఇంట్లో కత్తిపీటకు పీటమీద పెడతామా, కత్తికి పెడతామా? రుబ్బురోలుకు యాడ పెడతాము? పనిచేసే చోటనే పెట్టాల."

ఆమె పద్ధతి ప్రకారం ఆమె చేసింది నూటికి నూరు మార్కుల పని. అందుకే నాకు మరింత మండింది. చిప్‌లు ఎలా ఫెయిలయ్యాయో, రేపు ఎవరొస్తున్నారో, నా పేరు ఎందుకు చెబుతారో అంతా గడగడా చెప్పేశాను.

మా మామకు నవ్వాగలేదు. "బొట్టంత బొట్టుకు అంత మిషను నిలిచిపోయెనా! మా గనిలో అయితే..." మా అత్త ఆయనవైపు చూసింది. గని అక్కడే ఆగిపోయింది.

"నీ ఉద్యోగం పోతాదా?" అని నన్నడిగింది.

"పోతాదనే ఉండాది."

ఆమె చిక్కుడుకాయల మీదికి వంగిపోయింది. లోలోపల సంతోషపడుతోందనుకున్నాను. ఎందుకు పడదు? ఊరికే కూర్చుంటే చాలు, ఆమె అనుకున్నదే జరుగుతుంది. కోడలు బడికి వస్తుంది. పైగా ఇచ్చిన మాట ప్రకారం వస్తుంది.

పొద్దున నేను తలుపు తీసేసరికి ఆమె వాకిట్లో నిలబడి ఉంది. గంజి పెట్టిన తెల్లంచు చీర. బడికి ఇన్‌స్పెక్షన్ వచ్చిన రోజున మాత్రమే కట్టే చీర అని మా ఆయన ఎప్పుడో చెప్పాడు. చేతిలో గొడుగు.

"యాడికత్తా?"

"నీతోనే. నడువు, రైలు పోతాది."

మేనేజరును కడిగేయడానికి వస్తోందనుకున్నాను. ఈమె మాటలకు ఆయనకు కోపమొస్తే నాకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

ఆఫీసులో మేనేజరుకు ఎదురుగా హైదరాబాదు నుంచి వచ్చిన కస్టమర్ ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. నేను నోరు తెరిచేలోపల మా అత్త బల్ల ముందుకు వెళ్ళి నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నమస్కారమమ్మా. నేను ఈ అమ్మాయి అత్తను. మీ యంత్రానికి బొట్టు పెట్టింది నేను. నన్ను ఎవరూ పెట్టమనలేదు. ఆ టయానికి మా కోడలు బయట బొరుగులు పంచుతా ఉండాది, నలుగురు చూసినారు. ఆ పిల్లకు ఇది తెలియనే తెలియదు. తప్పు నాది. మీరు యాడ చెప్పాల్నో ఆడ నా పేరే చెప్పండి. రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ అని కూడా చెప్పండి."

పిల్లలను వరసలో నిలబెట్టి, తప్పు చేసినవాళ్ళు ముందుకు రండి అని ఎన్నేళ్ళు అడిగిందో ఏమో. ఆ రోజు తానే ముందుకొచ్చి నిలబడింది.

అప్పుడు ఆమె మేనేజరువైపు తిరిగింది. ఊరికే చూసింది. నాకు బాగా తెలిసిన చూపది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మేడమ్‌ను లోపలికి తీసుకుపోయింది నేనే" అన్నాడు. "దిమ్మ తిప్పి చూపించింది కూడా నేనే. బొట్టు పెట్టకూడదని చెప్పలేదు."

ఆఫీసరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికని నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. "మా చిప్‌లకు ఇప్పటిదాకా ఎవరూ బొట్టు పెట్టలేదండీ" అంది. "పదండి, ఇప్పుడెలా పనిచేస్తాయో చూద్దాం."

నిన్ననే తుడిచి సరిచూసిన దిమ్మను మరోసారి చూసుకుని, ఎనభై అయిదు నొక్కాను. చిప్ మీద ఆనింది. అంకె మెల్లగా ఎక్కింది. ఎనభై మూడు, ఎనభై నాలుగు, ఎనభై అయిదు. అక్కడే నిలిచింది. చిప్ లోపల ఎంత పని చెప్పినా కదల్లేదు. గొట్టంలో ద్రవం సన్నగా చప్పుడు చేస్తోంది. తలుపు అద్దం అవతల నిలబడి మా అత్త ఆ అంకెనే చూస్తోంది. పాసయింది. నెత్తిన బొట్టున్నవాటిని కూడా తుడిచి పెట్టాం, అవీ పాసయ్యాయి. సాయంత్రం ఆఫీసరమ్మ వెళ్ళాక మేనేజరు నన్ను పిలిచి, నా పర్మనెంట్ సంగతి పైవాళ్ళకు చెప్పి ఒప్పించేశానన్నాడు. మా అత్త వినేలా కాస్త గట్టిగానే చెప్పాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాను. బంగారుపేట దాటాక రైలు కాస్త ఖాళీ అయింది. దూరంగా, బంగారం తీశాక మిగిలిన గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బలు కనిపిస్తున్నాయి. నాకు ఉండబట్టలేదు.

"అత్తా, మీరు నోరు తెరవకుంటే నేను ఈపాటికి మీ బడిలోనే ఉందును. మీకు కావాల్సింది అదే కదా. ఎందుకొచ్చినారు?"

"నువ్వు బడిలో చేరాలని ఇప్పుడు కూడా నాకు ఉండాది" అంది. దాపరికం లేదు. "అది వేరే. గని మూసినప్పుడు మీ మామ ఇంటికొచ్చినాడు. క్యారియర్ కడిగేకి కూడా ఇయ్యలేదు, ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. ఇస్తిరీ చొక్కా తొడుక్కుని పొద్దున పొద్దున వసారాలో కూచునేవాడు, పోయేకి చోటు లేకుండా. ఆయన చేసిన తప్పేమి? ఏమీ లేదు. అయినా తప్పు చేసినోడి మాదిరి తల ఎత్తేవాడు కాదు. ఈయన తప్పు లేదని ఎవరైనా ఒకరు వచ్చి చెప్పింటే బాగుండేది అని శానా అనుకుంటి. ఎవరూ రాలేదు." ఆమె కొంగుతో కిటికీ ఊచ తుడిచింది, అక్కడ దుమ్మేమీ లేకపోయినా. "నీకు చెప్పేకి నేనుండాను కదా."

నాకు ఏడుపు ఆగలేదు. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఎదురు సీటులో కూర్చున్న ఒకామె కంగారుపడి, ఏమైందమ్మా అని అడిగింది.

"ఏమీ లేదు" అంది మా అత్త. "మా కోడలికి పర్మనెంట్ అయింది. దానికి ఏడుస్తా ఉండాది."